లెక్క రాసి ప్రేమించిన బాపమ్మ

ప్రతి వీధికీ ఒక పెద్దావిడ ఉంటుంది. పురిటికి ఆవిడే ముందు, పెళ్ళికి ఆవిడే ముందు, చావు కబురుకీ ఆవిడే ముందు. ఎవరింట్లో ఏ గిన్నె ఎవరిదో ఆవిడకే తెలుస్తుంది. ఆవిడ పోయిన రోజున వీధి వీధంతా ఏడుస్తుంది. ఆ తర్వాత "ఎంత మంచిదో పాపం" అని తలుచుకుంటాం. మంచిదే, కానీ ఏం చేసింది, ఎలా చేసింది అని మాత్రం చెప్పుకోం. అందుకే మా నాంపల్లి బాపమ్మ గురించి, ఆవిడ చేసిన పనుల గురించి రాయాలనిపించింది.

బాపమ్మ అంటే నాన్నమ్మ. తెలంగాణలో చాలా ఇళ్ళలో అలాగే పిలుస్తారు. ఆవిడ మాకు చుట్టం కాదు, మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు. మా చిన్నప్పుడు "పెద్దమ్మా" అని పిలిచేవాళ్ళం. ఆవిడ మనవలు మాటలు నేర్చి "బాపమ్మా" అనడం మొదలెట్టాక, మాకే కాదు, కూరగాయల బండివాడికీ, పోస్ట్‌మన్‌కీ కూడా బాపమ్మే అయిపోయింది.

ఆవిడ పుట్టిన తేదీ ఎక్కడా రాసి లేదు. ఎవరైనా వయసు అడిగితే "మొజంజాహీ మార్కెట్ కట్టినప్పుడు నాకు తొమ్మిదేండ్లు" అనేది. ఆ మార్కెట్ కట్టింది 1935లో. ఆ లెక్కన 2018 చివర్లో కన్నుమూసేనాటికి ఆవిడకు తొంభై రెండు. ఆ తొంభై రెండేళ్ళలో దాదాపు ఎనభై ఏళ్ళు నాంపల్లి స్టేషన్‌కీ అబిడ్స్‌కీ మధ్యనే గడిచాయి. పదమూడేళ్ళకు కాపురానికి వచ్చింది ఆ సందులోకే. ఆఖరి ప్రయాణం బయలుదేరిందీ ఆ సందులోంచే.

మూడు ఊళ్ళు తిరిగి వచ్చిన సంసారం

మా నాన్నగారిది తెనాలి వైపు. ప్రభుత్వంలో గుమాస్తా ఉద్యోగం. మద్రాసులో చేరారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయితే అక్కడికి వెళ్ళారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే పెట్టే బేడా సర్దుకుని హైదరాబాదు వచ్చారు. మూడేళ్ళలో మూడు రాజధానులు! అప్పటికి అమ్మకు ఇరవై రెండేళ్ళు. ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఇక్కడి తెలుగు కూడా సగం అర్థమయ్యేది కాదు.

నాంపల్లిలో పోర్షన్ దొరికింది. నాలుగు వైపులా గదులు, మధ్యలో వాకిలి, వాకిట్లో వేపచెట్టు. మొదటి రోజే ఆవిడ వచ్చి "ఏం కూరొండుతున్నవు చెల్లె?" అని అడిగిందట. "గోంగూర అక్కయ్యగారూ" అంది అమ్మ. "గోంగూరంటే?" ఆకు చూపిస్తే, "ఓ, పుంటికూర!" అని నవ్వేసింది. సొరకాయను ఆనిగెపుకాయ అనీ, బంగాళాదుంపను ఆలుగడ్డ అనీ, గదిని అర్ర అనీ అమ్మ నేర్చుకుంది అలాగే.

సాయంత్రం ఆవిడ ఇంటినుంచి ఒక గిన్నెలో పచ్చిపులుసు వచ్చింది. మర్నాడు ఆ గిన్నె కడిగి ఇవ్వబోతే, "ఉత్త గిన్నె పంపుతరా?" అంది. అప్పటికప్పుడు అమ్మ కాస్త గోంగూర పచ్చడి వేసి ఇచ్చింది. అలా మొదలైన గిన్నెల రాకపోకలు అరవై ఏళ్ళు సాగాయి. సంక్రాంతికి అరిసెలు వెళితే సకినాలు వచ్చేవి. పక్కింట్లో ఉండే ఖాలాజాన్ రంజాన్ పండక్కి షీర్‌ఖుర్మా పంపేది. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలు అందరికీ వెళ్ళేవి. ఇలాంటివి మీ వీధిలోనూ జరిగే ఉంటాయి. కానీ మా బాపమ్మ దగ్గర ఇంకొకటి కూడా ఉండేది. అదే ఆవిడ లెక్కల పుస్తకం.

సందూకలో చీటీ

ఆ పుస్తకం అలవాటుకు ఒక కథ ఉంది. ఆవిడ నోటే చాలాసార్లు విన్నాను.

1948 సెప్టెంబరు. పోలీసు చర్య జరిగింది. నిజాం ప్రభుత్వం పోయింది. అంతకు ముందు నెలల్లో ఊళ్ళో హిందువులు భయపడ్డారు, ఆ తర్వాత నెలల్లో ముస్లింలు భయపడ్డారు. ఖాలాజాన్ భర్త నిజాం కొలువులో చిన్న ఉద్యోగి. ఆ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. కొన్నాళ్ళు బంధువుల ఇంటికి వెళ్ళిపోదామనుకున్నారు. నగలన్నీ వెంట తీసుకెళ్ళే రోజులు కావవి. ఖాలాజాన్ ఒక సందూక మోయించుకొచ్చి బాపమ్మ ముందు పెట్టింది. తాళంచెవి కూడా చేతికిచ్చింది.

అప్పటికి బాపమ్మకు ఇరవై రెండేళ్ళు. సందూక అలాగే లోపల పెట్టేయొచ్చు కదా! పెట్టలేదు. ఇద్దరూ కూర్చుని మూత తీసి ఒక్కొక్క వస్తువే చూస్తూ రాశారు. ఖాలాజాన్ ఉర్దూలో రాస్తే, ఈవిడ తెలుగులో రాసింది. రెండు కాగితాల మీదా ఇద్దరూ సంతకాలు పెట్టి, చెరొకటి దాచుకున్నారు.

ఖాలాజాన్‌కు మొదట మనసు నొచ్చిందట. "నీ మీద నమ్మకం లేకనా ఇక్కడ పెడుతున్నాను?" అందట. దానికి బాపమ్మ చెప్పిన జవాబు వీధిలో సామెత అయిపోయింది. "నమ్మకం ఉన్న కాడనే రాసుకోవాలె. నమ్మకం లేనోళ్ళతోని రాసి ఏం ఫాయిదా?"

ఏడు నెలల తర్వాత వాళ్ళు తిరిగొచ్చారు. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని సందూక అప్పగించింది. అప్పుడు ఖాలాజానే అందట, "హిసాబ్ సాఫ్ తో దిల్ సాఫ్" అని. లెక్క తేటగా ఉంటే మనసూ తేటగా ఉంటుందని.

అబిడ్స్ దాకా నడక

బాపమ్మ భర్త రైల్వేలో పనిచేసేవారు. 1964లో ఉన్నట్టుండి పోయారు. పెద్దకొడుక్కి ఇరవై రెండేళ్ళు. ఆఖరివాడికి ఎనిమిదేళ్ళు. మధ్యలో మరో కొడుకు, ఇద్దరు కూతుళ్ళు. ఆవిడకు ముప్ఫై ఎనిమిది.

అద్దెలు వచ్చేవి. అవి చాలవు. క్యారేజీలు మొదలుపెట్టింది. అబిడ్స్‌లో పోస్టాఫీసు వాళ్ళకీ, బ్యాంకుల వాళ్ళకీ, దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్ళకీ మధ్యాహ్నం భోజనం పంపేది. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళో వదిలి వచ్చిన ఉద్యోగులు అప్పట్లో ఊరి నిండా ఉండేవారు. తెల్లవారకముందే నాలుగు పొయ్యిలు వెలిగేవి. పప్పు ఇక్కడి పద్ధతిలో, పచ్చడి మా అమ్మ పద్ధతిలో!

ఆ పనిలోంచే చీటీ పుట్టింది. వీధిలో పదిమంది ఆడవాళ్ళు, పది నెలలు. నెలకు తలా పది రూపాయలు. ఎవరి పేరు వస్తే ఆ నెల వంద రూపాయలు వాళ్ళవి. ఎవరికైనా పురుడో, ఆసుపత్రో వస్తే మిగతావాళ్ళు ఒప్పుకుని ముందు వాళ్ళకే ఇచ్చేవారు. ఇదంతా మామూలే. కానీ బాపమ్మ చీటీకి ఒక షరతు ఉండేది. డబ్బు చేతికిచ్చిన మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని అబిడ్స్ జనరల్ పోస్టాఫీసుకు నడిపించేది. అక్కడ ఆవిడ పేరు మీద, అచ్చంగా ఆవిడ పేరు మీదే, పొదుపు పాస్‌బుక్ తీయించేది. అందులో కనీసం పది రూపాయలైనా వేయాల్సిందే.

మా అమ్మ జీవితంలో తన పేరు అచ్చులోనో సిరాలోనో ప్రభుత్వ కాగితం మీద చూసుకున్నది ఆ రోజే. "ఫలానా వారి భార్య" అని రెండో వరసలో ఉంది గానీ, మొదటి వరసలో ఉన్నది తన పేరే! ఆ ఖాతాలో పెరిగిన డబ్బుతోనే కుట్టుమిషన్ కొంది. నా కాలేజీ ఫీజు కట్టింది ఆ మిషనే.

దారిలో మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి, కొత్త పాస్‌బుక్ అమ్మాయికి ఐస్‌క్రీమ్ తినిపించేది బాపమ్మ. ఆ ఖర్చు కూడా పుస్తకంలో రాసేది.

1969లో మా పెట్టె

నాకు పదకొండేళ్ళప్పుడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చింది. 1956లో ఇచ్చిన హామీలు నిలబెట్టుకోలేదని, ఇక్కడివాళ్ళకు రావలసిన ఉద్యోగాలు బయటివాళ్ళకు పోతున్నాయని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. బడులు మూతపడ్డాయి. కాల్పులు జరిగాయి. బాపమ్మ రెండో కొడుకు అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. రోజూ ఊరేగింపుల్లో ఉండేవాడు. మేమేమో ఆ "బయటివాళ్ళం"!

అమ్మ భయపడి పిల్లల్ని తీసుకుని తెనాలి వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళేముందు ట్రంకుపెట్టె బాపమ్మ ఇంట్లో పెట్టాలని అడిగింది. ఆ పెట్టెను మా గదిలోంచి వాళ్ళ గదిలోకి మోసింది ఎవరనుకున్నారు? ఊరేగింపు నుంచి అప్పుడే వచ్చిన ఆ రెండో కొడుకే. బాపమ్మ కాగితం, కలం తెచ్చుకుని కూర్చుంది.

"మీ దగ్గర కూడా రాతలెందుకు అక్కయ్యగారూ?" అంది అమ్మ ఏడుస్తూ.

"నా దగ్గరనే రాయాలె" అంది ఆవిడ. రాస్తూ రాస్తూ తల ఎత్తకుండానే అంది, "చూడు చెల్లె. నా కొడుకు అడిగేది న్యాయమే. నీ పిల్లలు ఈ ఇంట్ల ఉండేదీ న్యాయమే. రెండిట్ల ఏదీ తప్పు గాదు."

పదకొండేళ్ళ పిల్లను, ఆ మాట నాకప్పుడు సగమే అర్థమైంది. తర్వాత ఎన్నో సభల్లో ఎందరో పెద్దవాళ్ళు ఈ రెండు వైపుల గురించీ మాట్లాడగా విన్నాను. ఇంత తేలిగ్గా చెప్పినవాళ్ళు లేరు. నలభై అయిదేళ్ళ తర్వాత, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన రోజు, ఎనభై ఏళ్ళ మా అమ్మ పరమాన్నం వండి బాపమ్మకు పంపింది. గిన్నె తిరిగి ఖాళీగా రాలేదని వేరే చెప్పాలా!

చట్టం చదివించుకున్న బాపమ్మ

ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ ఇల్లు 1952లో కొన్నారు. అందుకోసం అమ్మింది బాపమ్మ పుట్టింటి బంగారం. "బంగారం నాది, కాయితం కూడా నా పేరు మీదనే ఉండాలె" అని అప్పుడే పట్టుబట్టింది. అత్తగారు నొచ్చుకుంది గానీ, భర్త ఒప్పుకున్నారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక, స్త్రీ పేరు మీద ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదేనన్న దాంట్లో అనుమానమే లేకుండా పోయింది.

1986లో ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకూ కొడుకులతో సమాన హక్కు ఇస్తూ సవరణ వచ్చింది. పేపర్లో ఆ వార్త నా చేత రెండుసార్లు చదివించుకుంది. 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించదని చదవగానే, "అంటే మా బిడ్డలకు లేదన్నట్టేనా?" అంది. పెళ్ళయినవాళ్ళకూ ఆ హక్కు రావడానికి 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. నిజానికి బాపమ్మ ఇల్లు ఉమ్మడి ఆస్తి కాదు, ఆవిడ సొంతం. ఆవిడ తర్వాత కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగానే వెళుతుంది. ఆ సంగతి తెలిసి ఊరుకుంది.

కానీ 1994లో చిన్నకొడుకు ప్రమాదంలో పోయాడు. కోడలికి ముప్ఫై నాలుగేళ్ళు. పిల్లలు లేరు. పదమూడో రోజు కాకముందే చుట్టాలు "ఇంక పుట్టింటికి పంపించెయ్యండి" అన్నారు. బాపమ్మ ఏమీ అనలేదు. దినకర్మలయ్యాక కోడల్ని వెంటబెట్టుకుని తెలిసిన వకీలు దగ్గరికి వెళ్ళింది.

వకీలు చెప్పింది వింటే మీరూ ఆశ్చర్యపోతారు. మగవాడు వీలునామా రాయకుండా పోతే, అతనికన్నా ముందే చనిపోయిన కొడుకు భార్యకు అతని ఆస్తిలో వాటా ఉంటుంది. అదే ఆడమనిషి సొంత ఆస్తి అయితే, ఆమె కొడుకులు, కూతుళ్ళు, భర్త, ముందే పోయిన బిడ్డల పిల్లలు మొదటి వారసులు. వాళ్ళలో ఒక్కరున్నా, వితంతువైన కోడలికి ఏమీ రాదు. మామగారి ఆస్తిలో ఉన్న చోటు అత్తగారి ఆస్తిలో లేదన్నమాట. అత్తగారు వీలునామా రాస్తే తప్ప!

1996లో బాపమ్మ రాసింది. రెండు కొడుకుల వాటాలు, రెండు కూతుళ్ళ వాటాలు, ఒకటి చిన్నకోడలిది. అయిదు సమాన భాగాలు. సాక్షులుగా ఇద్దరు కావాలి. ఒకరు ఖాలాజాన్ మనవడు. రెండోది నేను. పెళ్ళయి చిక్కడపల్లిలో ఉంటున్న నన్ను కబురుపెట్టి పిలిపించింది. "మా నాన్నగారిని అడగకపోయారా బాపమ్మా?" అన్నాను. "మీ నాయిన నాకన్నా పెద్దోడు బిడ్డా. సాక్షి అన్నోడు నేను పోయినంక బతికుండాలె. ఆడపిల్ల సంతకమైతే చెల్లదా ఏంది?" అంది. నా సంతకానికి అంత విలువ ఉందని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు.

రెండు పేజీలు

చాలామంది వీలునామా రాసి దాచిపెడతారు. పోయాక అది బయటపడుతుంది, గొడవలూ బయటపడతాయి. బాపమ్మ అలా చేయలేదు. రిజిస్ట్రేషన్ అయిన ఆదివారం అందర్నీ పిలిచి, భోజనాలు పెట్టి, వాకిట్లో కూర్చోబెట్టి చదివించింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దకొడుకు మెల్లగా అన్నాడు, "అమ్మా, చెల్లెండ్లకు పెండ్లిళ్ళప్పుడు ఇచ్చినం గద."

ఆవిడ లోపలికి వెళ్ళి రెండు పాత పుస్తకాలు తెచ్చింది. ఒకదాంట్లో కూతుళ్ళ పెళ్ళిళ్ళ ఖర్చు. ఇంకోదాంట్లో కొడుకుల చదువులు, హాస్టళ్ళు, ఉద్యోగాల కోసం తిరిగిన రైలు చార్జీలు. పెద్దకొడుకు చేతిలో పెట్టి, "ఇది పెండ్లి లెక్క. ఇది సదువు లెక్క. నువ్వే కూడు" అంది.

ఆయన కూడలేదు. చాలాసేపు పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. తర్వాత పుస్తకాలు మూసి అమ్మ పక్కన పెట్టి, చిన్నమరదలి వైపు చూసి, "వీధి వైపు అర్ర నీకైతే బాగుంటదమ్మా. ఏదన్న పని పెట్టుకోవచ్చు" అన్నాడు. ఆ కొడుకూ ఆవిడ పెంచినవాడే కదా!

2018 సెప్టెంబరులో నాంపల్లి మీదుగా మెట్రో రైలు మొదలైంది. మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని ఆ చప్పుడు వినేది. ఆ ఏడాది డిసెంబరులో వెళ్ళిపోయింది. పన్నెండో రోజున పుస్తకాలన్నీ బయటికి తీశాం. ఇరవైకి పైగా ఉన్నాయి. మొదటివాటిలో నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయలు, కల్దార్ రూపాయలు వేరువేరు వరసల్లో ఉన్నాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ల మారకం. తర్వాత అణాలు పోయి, 1957 నుంచి నయాపైసలు వచ్చాయి. డబ్బు మారింది, ప్రభుత్వాలు మారాయి. దస్తూరీ మాత్రం ఒకటే. ప్రతి పేజీలోనూ ఆడవాళ్ళ పేర్లే. ఎవరి భార్య, ఎవరి తల్లి అని కాదు, ఎవరి పేరు వారిదే.

వీలునామా మీద పేచీ రాలేదు. ఎందుకొస్తుంది? ఇరవై రెండేళ్ళ ముందే అందరూ విన్నదే కదా.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దావిడ ఉంటే, ఆవిడ కాళ్ళు పడుతూనో, తల దువ్వుతూనో ఈ మాటలు కదపండి. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? కాగితాలు ఎక్కడున్నాయి? ఎవరికి ఏం ఇవ్వాలనుకుంటోంది? వీలునామాకు స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు. రాసినవాళ్ళ సంతకం, వాళ్ళు సంతకం పెట్టడం చూసిన కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. వాటా అందుకునేవాళ్ళను సాక్షులుగా పెట్టుకోకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే ధీమా. మనసు మారితే బతికున్నన్నాళ్ళూ మళ్ళీ రాసుకోవచ్చు. అశుభం అనుకోనక్కర్లేదు. మా బాపమ్మ రాశాక ఇరవై రెండేళ్ళు సుఖంగా బతికింది.

వీధి వైపు అర్రలో చిన్నకోడలు ఇప్పుడు చీరలకు ఫాల్, పీకో కుడుతోంది. ఇద్దరు అమ్మాయిలకు పని నేర్పిస్తోంది. మొన్న నా చీర ఇవ్వడానికి వెళితే డబ్బు తీసుకోనంది. నేను బలవంతం చేశాను. అప్పుడు నవ్వుతూ తీసుకుని, సొరుగులోంచి ఒక పుస్తకం తీసి, తేదీ వేసి, నా పేరు రాసుకుంది.